యాదగిరి పెళ్ళికార్డులో నేను

కుదిరిన పెళ్ళిని ఒక కీబోర్డు తీగతో ఆపబోయిన ఘనుడిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇది చదవండి. అది నేనే.

అప్పుడే డిప్లొమా ముగించి, మెదక్‌లో చర్చికి పోయే దారిలో వెంకటేశం అన్న డీటీపీ షాపులో చేరాను. నా పేరు సురేష్. ఆ పేరుతో అక్కడెవరికీ పని పడలేదు. అందరూ ‘ఇంజనీరూ’ అనేవారు, నేనూ కాదనేవాణ్ణి కాదు. ఒకే బల్లకు అటు అన్న కంప్యూటర్, ఇటు నాది. తెరలు ఒకదానికొకటి వీపు చూపించుకునేవి. వాటి సీపీయూ డబ్బాలు రెండూ బల్ల కింద చీకట్లో కవలల్లా నిలబడి ఉండేవి.

ఆ రోజు శంకరంపేట యాదగిరి తన పెళ్ళికార్డు కోసం వచ్చాడు. మర్నాడు తెలంగాణ బంద్, బస్సులు నడవవు. కార్డులు ఆ సాయంత్రమే శివ్వంపేటలో ఆడపెళ్ళివారికి చేరాలి. అన్న కార్డు ఇంగ్లిషు వైపు చివరగా పెళ్ళికొడుకు పేరు కొట్టి పూర్తిచేసి, ప్రెస్సుకు పంపేముందు చూసుకొమ్మని యాదగిరిని తన తెర ముందు కూర్చోబెట్టాడు.

సరిగ్గా అప్పుడే నా కీబోర్డులో ‘జె’ మీట లోపలికి పోయి ఇరుక్కుంది. నా తెర నిండా జె, జె, జె!

“కొత్త కీబోర్డు పెట్టు,” అన్నాడు అన్న.

పెట్టేస్తే పోయేది. చదువుకున్నవాణ్ణి కదా, ఉపన్యాసం మొదలుపెట్టాను.

“కీబోర్డు తీగలు మూడు రకాలన్నా. ఒకటి, బొటనవేలంత మూతి ఉండే పాతకాలపు గుండ్రంది. రెండు, గీ చిన్న గుండ్రంది. దీనికి వంగాలె, చూడాలె, పిన్నులు కుదరాలె, కంప్యూటర్ బంద్ చేసి మల్ల చాలు చెయ్యాలె. మూడు, యూఎస్‌బీ. చూసుడు లేదు, బంద్ చేసుడు లేదు. ఎప్పుడంటే అప్పుడు పెట్టుడే!”

“ఇగ పెట్టు మరి! ముచ్చటే అయితుంది గని పనైతలేదు.”

పాత కీబోర్డు తీగ పీకేసి, బర్రెకు కాన్పు చేసే పశువుల డాక్టరులా బల్ల కిందికి చెయ్యి దూర్చి, తడిమి, కొత్తదాని యూఎస్‌బీ తీగ గుచ్చాను. కీబోర్డు మీద దీపం వెలిగింది. “చూసిండ్రా!” అని మీసం లేని చోట మెలేశాను.

నా తెర మీది జె గుంపును చెరిపేద్దామని వెనక్కి చెరిపే మీట నొక్కి పట్టాను. ఒక్క జె కదల్లేదు.

అటు నుంచి కేక. “అన్నా, నా పేరు పోతుంది!”

“ఏడికి పోతది?”

“తెల్వదన్నా! వెనుక నుంచి ఒక్కొక్క అక్షరం పోతుంది. అయ్యో, మొత్తం పాయె!”

“వైరస్,” అన్నాను ఇటు నుంచి, గంభీరంగా. కీబోర్డు పనిచేస్తుందో లేదో చూద్దామని నా అలవాటు ప్రకారం నా పేరు కొట్టాను. నా తెర మీద ఏమీ రాలేదు. ఇంకా గట్టిగా కొట్టాను.

“అన్నా! నా జాగల సురేష్ అని వచ్చింది! మల్ల సురేష్! ఎవడన్నా వీడు?”

నా చేతులు ఆగిపోయాయి. వైరస్‌కు నా పేరు ఎవరు చెప్పారు?

యాదగిరి అప్పటికే పెళ్ళికూతురికి ఫోన్ కలిపాడు. “కార్డు మీద నా పేరు పోయి సురేష్ అని వచ్చింది. నిజం చెప్పు, వాడెవడు?”

ఆమె గొంతు షాపంతా వినబడింది. “నాకేం ఎరుక? మీ పేరే మీరు కాపాడుకోకపోతిరి, రేపు నన్నేం కాపాడుతరు? గీ పెండ్లి నాకొద్దు!” ఫోన్ పెట్టేసింది.

అన్న వంగి, బల్ల కిందికి చూశాడు.

“ఇంజనీరూ, నీ కీబోర్డు తోక నా డబ్బాల ఎందుకున్నదిరా?”

పాత గుండ్రటి తీగైతే నన్ను వంగి చూడమని మొండికేసేది. కొత్తది ఎవరింట్లో దూర్చినా నవ్వుతూ దీపం వెలిగించింది.

ఆ తర్వాత యాదగిరి ఫోన్‌లో నాతోనే మాట్లాడించాడు. “అక్కా, నేను సురేష్‌ను...” అని మొదలుపెట్టి, మూడు రకాల తీగలూ వివరించాను. రెండో రకం దగ్గరే ఆమె, “ఇగ చాలు, పెండ్లి చేసుకుంట గని గాయన్ను ఆపుండ్రి!” అంది. యాదగిరి పేరుతోనే కార్డులు ఆఖరు బస్సెక్కాయి.

పెళ్ళిలో యాదగిరి నన్ను చుట్టాలకు పరిచయం చేశాడు. “నాకంటే ముందుగాల పెండ్లికొడుకైనోడు గీయనే!”

కాబట్టి మూడు రకాల తీగల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: కీబోర్డు పరీక్షకు ఇక నా పేరు కొట్టను, నా సొంత పెళ్ళికార్డు మీద తప్ప. అప్పుడు కూడా ముందు బల్ల కిందికి వంగి చూసుకుంటాను.