ఒక వారం కథ, ఒక వారం నిజం

నా చిన్నప్పుడు, అంటే ఎనభైల మొదట్లో, అరిజోనాలోని చాండ్లర్‌లో మా నాన్న పనిచేసే కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీ దాటితే అన్నీ పత్తి చేలే. ఊళ్ళో తెలుగు ఇళ్ళు తొమ్మిది. ఆ తొమ్మిది ఇళ్ళల్లో ఎవరు ఏం చదవాలో నిర్ణయించేది పక్క వీధి ఆంటీ. ఆ పని ఆవిడకి ఎవరూ అప్పజెప్పలేదు, ఆవిడే పెట్టుకుంది. తెనాలిలో ఉన్న ఆవిడ చెల్లెలు పత్రికలు కట్టగట్టి ఓడలో పంపేది. అవి చేరడానికి మూడు నాలుగు నెలలు పట్టేది. ఆంటీ వాటిలోంచి సీరియల్ పేజీలు చింపి, వరసగా పేర్చి, దబ్బనంతో బెజ్జాలు పొడిచి, పళ్ళు శుభ్రం చేసుకునే ఫ్లాస్ దారంతో కుట్టేది. పైన కిరాణా సంచీ కాగితంతో అట్ట వేసేది.

అడిగిన పుస్తకం అడిగినట్టు ఇవ్వడం మాత్రం ఆవిడ వల్ల అయ్యేది కాదు. గుండె డాక్టరు అంకుల్ చరిత్ర వ్యాసాలు అడిగితే దెయ్యాల నవల చేతిలో పెట్టింది. వంటల పేజీలు తప్ప ఇంకేం వద్దనే ఒక అమ్మమ్మగారికి అగ్నిపర్వతాల వ్యాసాలు ఇచ్చింది. డిటెక్టివ్ నవలలంటే పడిచచ్చే పెళ్ళికాని స్టూడెంట్‌కి పసిపిల్లల పెంపకం ఇచ్చింది. అందరూ నవ్వారు గానీ, అతను దాన్ని చివరిదాకా చదివి, పాలపళ్ళ గురించి మా నాన్నతో అరగంట మాట్లాడాడు. నచ్చలేదని తిరిగి తెచ్చినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకి ఇంకా విచిత్రమైనదేదో అంటగట్టి పంపేది. ఈవిడ బుర్రలో ఏం లెక్క నడుస్తోందా అని నాకు ఒకటే కుతూహలంగా ఉండేది.

మా ఇంట్లో అమ్మ నవలలు తప్ప చదివేది కాదు, నాన్న నిజంగా జరిగినవి తప్ప ముట్టుకునేవాడు కాదు. కట్టుకథలు చదివి ఎవరు బాగుపడ్డారని నాన్న, మీ పుస్తకాల్లో మనుషులే ఉండరని అమ్మ దెబ్బలాడుకునేవారు. ఆ దెబ్బలాటలే నయం. నాకు పదేళ్ళొచ్చేసరికి అవి కూడా ఆగిపోయాయి. అమ్మకి కారు నడపడం రాదు. రోజంతా ఇంట్లో ఒక్కతే. నాన్న వచ్చి, తిని, చదువుకునేవాడు. ఒక మధ్యాహ్నం మా వంటింట్లో అమ్మ ఆంటీతో చెప్పడం విన్నాను. ఈ వేసవికి నన్ను తీసుకుని విజయవాడ వెళ్ళిపోతుందట, మళ్ళీ రాదట, టిక్కెట్లు పోవడానికి మాత్రమే కొనమంటుందట. నాన్న ఒక్కడే కూర్చుని అన్నం తినడం కళ్ళ ముందు కనిపించి నాకు ఏడుపొచ్చింది. ఆంటీ కాఫీ బాగుందని మాత్రం చెప్పి వెళ్ళిపోయింది. ఆవిడ మీద కూడా కోపమొచ్చింది నాకు.

రెండు వారాల తర్వాత ఆవిడ ఒక లావుపాటి బైండు తెచ్చి, ఇద్దరికీ కలిపి ఇదొక్కటే అని బల్ల మీద పెట్టింది. మొదట తెరిచింది నేనే. పోస్టాఫీసులో పనిచేసే ఒకమ్మాయి తన అక్కకి వచ్చిన ఉత్తరాన్ని ఇవ్వకుండా దాచేసిన నవల అది. కానీ ఒక వారం భాగం అవగానే, భూమి లోపల నీళ్ళు ఎక్కడుంటాయో ఎలా కనిపెడతారో చెప్పే వ్యాసం. ఆ తర్వాత మళ్ళీ నవల, మళ్ళీ నీళ్ళు. ఆంటీ పేజీలు కలిపేసిందని జాలిపడి ఫోన్ చేసి చెప్పాను. ఆవిడ నవ్వి, అలాగే ఉండనీయమంది.

వారం తిరక్కుండా నాన్న పొద్దున్నే బాత్‌రూమ్‌లోకి పుస్తకంతో వెళ్ళి నలభై నిమిషాలు బయటికి రాలేదు. నీళ్ళ గురించే అయితే అంతసేపు ఎందుకని అమ్మ తలుపు బయటినుంచి అడిగింది. లోపల్నుంచి పేజీ తిప్పిన చప్పుడొచ్చింది. మరో రోజు అమ్మే, ఈ ఎడారిలో మన కుళాయికి నీళ్ళెక్కణ్ణించి వస్తున్నాయని నాన్నని అడిగింది. నాన్న ఆశ్చర్యంగా ఆవిడకేసి చూశాడు. ఆ ఆదివారం మమ్మల్ని కారెక్కించుకుని తీసుకెళ్ళి కాలవ చూపించాడు. ఎండలో ఆ గట్టు మీద ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు. నేను గులకరాళ్ళు విసురుతూ కూర్చున్నాను.

తీరా చూస్తే నవలకి ఆఖరి భాగం లేదు. ఓడలో ఆ వారం పత్రిక పోయిందని ఆంటీ చెప్పింది. ఇక మా ఇంట్లో భోజనాల బల్ల దగ్గర పంచాయితీ మొదలైంది. ఉత్తరం ఇచ్చి తీరుతుందని నాన్న, ఛస్తే ఇవ్వదని అమ్మ. "ఉద్యోగం చేసే పిల్ల, అలా ఎలా దాస్తుంది?" "మీకు అక్కచెల్లెళ్ళు లేరుగా, మీకేం తెలుసు!" నాన్న ఆఫీస్ నుంచి ఫోన్ చేసి మరీ కొత్త పాయింట్ చెప్పేవాడు. అమ్మ గరిటె పట్టుకునే వాదించేది. కూరలు మాడిపోయినా ఎవరూ పట్టించుకోలేదు.

ఒక శనివారం కరివేపాకు కోసం నన్ను ఆంటీ వాళ్ళింటికి పంపారు. ఆవిడ పెరట్లో కోస్తుంటే నేను ఊరుకోక కుట్టు సామాన్ల సొరుగు లాగాను. పైనే ఆ నవల ఆఖరి భాగం, బెజ్జాలు కూడా పొడిచి ఉంది. నా ఒళ్ళు మండిపోయి, ఆవిడ కరివేపాకుతో లోపలికి రాగానే అరిచాను.

"ఆంటీ, మీరు లై చేశారు!"

"చేశానమ్మా," అందావిడ, కొంచెం కూడా తడుముకోకుండా. "ఇదిగో, తీస్కెళ్ళి మీ అమ్మకిచ్చెయ్. లేదూ, అక్కడే పెట్టెయ్. నీ ఇష్టం."

ఆ కాగితాలు చేతిలోకి తీసుకున్నాను. నాకు తెలుగు కూడబలుక్కుని చదవడమే వచ్చు, అయినా ఆఖరి పేజీ తిప్పితే తెలిసిపోయేది. చూడాలని చేతులు దురద పెట్టాయి. ఇవి ఇంటికి తీసుకెళ్తే ఈ రాత్రికి ఎవరో ఒకరు గెలుస్తారు, రేపటికి మళ్ళీ ఎవరి పుస్తకం వాళ్ళది. అది తట్టగానే తిప్పకుండానే సొరుగులో పెట్టి మూసేశాను. కరివేపాకు తీసుకుని ఇంటికొచ్చేసరికి ఇద్దరూ ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

వేసవికి విజయవాడ వెళ్ళాం. టిక్కెట్లు రానూపోనూ కొనమని అమ్మే చెప్పింది. అంతా ఆ బైండు వల్లే అనను. ఆ ఏడాదే అమ్మ డ్రైవింగ్ కూడా నేర్చుకుంది.

చాలా ఏళ్ళ తర్వాత, నాన్న పోయిన మరుసటి ఏడాది, మనసు ఉండబట్టలేక, సొరుగు సంగతి అమ్మకి చెప్పాను. తిడుతుందేమో అనుకున్నాను. అమ్మ నవ్వింది. "ఆఖరి భాగం లేదన్న వారంలోనే ఆంటీ ఇంట్లో కూర్చుని చదివేశానే. మీ నాన్న చెప్పిందే నిజం, ఆ పిల్ల ఉత్తరం ఇచ్చేస్తుంది. ఒప్పేసుకుంటే ఇంక ఏం మాట్లాడుకుంటాం?"

ఇప్పుడు నేనుండే మోరిస్‌విల్‌లో, పిల్లల దగ్గరికి ఆర్నెల్లు వచ్చి ఉండే పెద్దవాళ్ళకి తెలుగు పుస్తకాలిచ్చే చిన్న గది ఒకటి చూసుకుంటున్నాను. భార్యాభర్తలు వచ్చి చెరొకటి అడుగుతారు. నేను ఇద్దరికీ కలిపి ఒక నవల, ఒక నిజం పుస్తకం ఇస్తాను. ఆయనకి ఏది నచ్చుతుంది, ఆవిడకి ఏది నచ్చుతుందని ఇప్పుడు ఆలోచించను. వీళ్ళిద్దరూ దేని గురించి దెబ్బలాడుకుంటారా అని ఆలోచిస్తాను.