స్నానం తర్వాత రెండు చుక్కల ఆముదం

మా పెద్దోడికి రెండున్నర నెలలప్పుడు, ఒక పొద్దున పాలు తాగుతూ ఉన్నట్టుండి రొమ్ము వదిలేశాడు. ఏడవలేదు. నోరు తెరిచి గబగబా ఊపిరి తీసుకున్నాడు, మళ్ళీ అందుకున్నాడు, మళ్ళీ వదిలేశాడు. పక్కటెముకల కింద చర్మం లోపలికి గుంజుకుపోతోంది. నాకు అదే మొదటి కాన్పు. ఏది మామూలో ఏది కాదో తెలియని దాన్ని. అయినా ఆకలితో ఉన్న బిడ్డ పాలు వదిలేస్తే, ఏదో తేడా ఉందని తల్లికి ఒకరు చెప్పే పని ఉండదు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఆ సంబరమంతా పట్నానికే గాని, ఆత్మకూరు వైపు ఉన్న మా పల్లెకు రోజుకు ఒక్క బస్సు, అదీ డ్రైవరుకు దయ కలిగితే. మా ఆయన యోహాను మిషన్ బడిలో పంతులు. ఇంట్లో మేమిద్దరం, బాబు, మా అత్త సుందరమ్మ. అత్త శనక్కాయ చేలకు కూలికి పోయేది. మా పేటలో ఎవరికి బిడ్డ పుట్టినా నెలల తరబడి నీళ్ళు పోసేది కూడా ఆమే. కాళ్ళు బారజాపి, బిడ్డను వాటి మీద పడుకోబెట్టి, వేణ్ణీళ్ళు పోసి, చివర్న ముక్కులో రెండు చుక్కల ఆముదం వేసి నోటితో ఊదేది. ఊదితే లోపలి కఫమంతా కరుగుతుందని అందరి నమ్మకం. నాదీ అదే.

"ఏం గాదు లేమ్మే, కఫం పట్టిండాది. నూనె రవ్వంత ఎక్కువ ఊదితే దిగుతాది" అంది అత్త. మూడు రోజులు అలాగే చేశాం. నాలుగో రోజుకు బాబు గోళ్ళు నీలంగా మారాయి. ఆ రోజు బస్సు వచ్చింది కాబట్టి సరిపోయింది.

మిషన్ ఆసుపత్రిలో డాక్టరమ్మ స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు విన్నది. ఎక్స్-రే తీయించింది. "న్యుమోనియా. రెండు లంగ్స్‌లోనూ ఉంది. వెంటనే అడ్మిట్ చేయాలి" అన్నది. నాలుగు గంటలకొకసారి పెన్సిలిన్ ఇంజెక్షన్, ముక్కు దగ్గర ఆక్సిజన్ గొట్టం. వాడి తొడ నా మూడు వేళ్ళంత లేదు. సూది చూసినప్పుడల్లా మా ఆయన ఏదో పని గుర్తొచ్చినట్టు బయటికి పోయేవాడు. బడిలో బెత్తం పట్టుకుంటే పులే, ఇక్కడ మాత్రం కాదు.

"ఇంట్లో బిడ్డకు ఏమైనా పట్టారా? నాటు మందు, వస, ఇంకేదైనా?" అని డాక్టరమ్మ అడిగింది.

"ఏమీ పట్టలేదు డాక్టరమ్మా" అన్నాను.

అబద్ధం చెప్పాలని కాదు. నూనె మాకు మందూ కాదు, తిండీ కాదు. స్నానంలో ఒక భాగం. బిడ్డకు తల తుడిచామని ఎవరైనా డాక్టరుకు చెబుతారా?

పది రోజుల్లో జ్వరం దిగింది, పాలు పట్టాడు, ఇంటికొచ్చాం. ఆసుపత్రిలో ఆగిన స్నానాలు మళ్ళీ మొదలయ్యాయి. క్రిస్మస్ పొద్దున ఆరాధనలోనే వాడికి బాప్తిస్మం ఇస్తానని పాస్టరుగారు చెప్పారు. సామ్యేలు అని పేరు అనుకున్నాం. అత్త గోడలకు సున్నం కొట్టింది. జ్ఞానులకు బాలయేసు దగ్గరికి దారి చూపిన చుక్కకు గుర్తుగా మా ఆయన వెదురుబద్దలతో నక్షత్రం కట్టాడు, ఒక మూల ఎంత లాగినా వంకరే. "నువ్వు కట్టిన చుక్కను చూసి వస్తే జ్ఞానులు నంద్యాలకు పోతారప్పా" అని అత్త ఒకటే నవ్వు. పెళ్ళయ్యాక ఆ ఇల్లు అంత బాగుండటం నేను చూడలేదు.

వారం తిరగకముందే మళ్ళీ దగ్గు. ఈసారి ఇంకా ఎక్కువ.

రెండో ఎక్స్-రే చూసి డాక్టరమ్మ మొహం మారింది. "పెన్సిలిన్‌కు తగ్గింది. ఇంటికి పోగానే మళ్ళీ వచ్చింది. ఎందుకొస్తోందో తెలియకపోతే ఎన్నిసార్లని కాపాడగలను?" అన్నది. టీబీ ఏమోనని పరీక్ష చేశారు, కాదన్నారు. ఏమైనా పట్టారా అని మళ్ళీ అడిగింది. ఏమీ లేదని మళ్ళీ చెప్పాను. బిడ్డ దక్కడనే అనుకున్నాను. పక్క మంచం ఆమె నా మొహం వైపు చూడటం మానేసింది.

ఐదో రోజు కొంచెం తెరిపినిచ్చింది. అత్త వార్డు వెనక రాళ్ళ పొయ్యి మీద నీళ్ళు కాచి, బిడ్డకు గోరువెచ్చగా స్నానం పోసి, కొంగుముడి విప్పి చిన్న సీసా తీసింది. ముక్కులో ఊదబోతుండగా నర్సు చూసి పెద్దగా కేక పెట్టింది.

డాక్టరమ్మ వచ్చి సీసా వాసన చూసింది. "రోజూ చేస్తారా?"

"దినామూ చేస్తామమ్మా" అంది అత్త.

"పెద్దమ్మా, ఈ నూనె కడుపులోకి పోదు. ఊదితే నేరుగా లంగ్స్‌లోకి పోయి అక్కడే నిలుస్తుంది. దగ్గి బయటికి తోసే శక్తి పసివాడికి లేదు."

నేను బిడ్డను లాక్కున్నాను. "ఇంక నా బిడ్డను ముట్టుకోవద్దు" అన్నాను. అందరూ విన్నారు.

అత్త డాక్టరమ్మనే అడిగింది. "అమ్మా, యోహానుకు ముందు నాకు ఇద్దరు పుట్టినారు. ఇద్దరూ మూడు నెల్లు నిండకనే దగ్గుతో పోయినారు. నేనే సంపుకుంటినా?"

డాక్టరమ్మ అత్త పక్కన కూర్చుంది. ఆమె చెయ్యి పట్టుకుని, "అది ఇప్పుడు ఎవరూ చెప్పలేరమ్మా. తెలిసి చేసింది కాదు, అంత మటుకు నేను చెప్పగలను" అన్నది.

ఆ మాటతో నా కోపం చల్లారిందంటే అబద్ధమే. ఇంటి దగ్గర రోజూ ఆ నూనె గిన్నె అందించింది నేనే అని గుర్తుకొస్తే కోపం ఇంకా పెరిగేది. బాబు మెల్లగా కోలుకున్నాడు. పండగ ముందు రోజు డిశ్చార్జ్ చేసేదాకా మేమిద్దరం అవసరానికి తప్ప మాట్లాడుకోలేదు.

క్రిస్మస్ పొద్దున నీళ్ళు కాగాయి. అత్త దూరంగా గోడ పక్కన నిలబడింది. "నువ్వే పోసుకోమ్మే. నా చేతులొద్దు" అంది. బింకంగా నేనే కూర్చున్నాను. వాడికి అప్పటిదాకా ఒక్కసారైనా నేను నీళ్ళు పోయలేదు. చెంబు ఒక పక్క, జారిపోయే బిడ్డ ఒక పక్క, కంట్లో నీళ్ళు పడి వాడు పేటంతా వినబడేటట్టు ఆరున్నొక్క రాగం. నా బింకం కాస్తా దిగిపోయింది.

"అత్తా, నువ్వే నీళ్ళు పొయ్యి. నాకు చాతగాలేదు. నువ్వు లేకుండా వీణ్ణి నేను పెంచలేను" అన్నాను.

వచ్చి కాళ్ళు చాపింది. ఆ చేతులు తగలగానే వాడు ఏడుపు మానాడు. చివర్న ఆమె ముఖం అలవాటుగా వాడి ముక్కు దాకా వంగి, ఆగింది. తడిగుడ్డతో ముక్కు మెల్లగా తుడిచి, నుదుటి మీద ముద్దు పెట్టుకుని, పైకే ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. మా ఆయన ఈసారి బయటికి పోలేదు. గుళ్ళో పాస్టరుగారి చేతికి సామ్యేలును అందించింది అత్తే. మధ్యాహ్నం నలుగురం ఒకే చాప మీద కూర్చుని కజ్జికాయలు తిన్నాం. వాడికి పళ్ళు లేవు కాబట్టి వాడి వాటా మా ఆయనకు పోయింది.

ఆ తర్వాత కూడా అత్త పేట బిడ్డలకు నీళ్ళు పోసింది, ఊదడం మాత్రం లేదు. "మాకందరికీ ఊదినారు, ఏమైండాది?" అని ఎవరైనా వాదిస్తే, పోయిన తన ఇద్దరు బిడ్డల గురించి చెప్పేది. ఎన్ని ఇళ్ళలో, ఎన్నిసార్లు చెప్పిందో.

ఇప్పుడు అత్త లేదు. సామ్యేలు బిడ్డకు ఈ ఏడు మొదటి క్రిస్మస్. నీళ్ళు పోసేది నేను.

చదివే తల్లులకు నేను చెప్పేది ఒకటే. బిడ్డకు జబ్బు చేస్తే మందుల సంగతే కాదు, పొద్దున లేచింది మొదలు ఆ ఒంటికి ఏమేం చేస్తారో అంతా డాక్టరుకు చెప్పండి. ఆ పనులు చేసే మనిషినే వెంట తీసుకెళ్ళి, ఆమె నోటితోనే చెప్పించండి. డాక్టరమ్మ అడిగిన రెండుసార్లూ అత్త వరండాలోనే ఉంది. చదువుకున్న దాన్ని కదా అని జవాబు నేను చెప్పాను. ఆమెను లోపలికి పిలవనే లేదు.