బాలమ్మ చూసిన పొక్కు

తాండూరు బాలమ్మ పరమపదించిందన్న వార్త మొన్న ఉదయం ఒక రోగి నోట విని నిశ్చేష్టుణ్ణయ్యాను. మరుక్షణం నాలో పుట్టిన తలపు చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఇక సర్పి రోగులు నా దగ్గరికే వస్తారనుకున్నాను.

డాక్టరు పట్టా పుచ్చుకుని వికారాబాదులో దవాఖానా తెరిచిన నాకు, అక్షరం ముక్క రాని ఆ కుమ్మరి ఇల్లాలి కీర్తి వింటే ఒళ్లు మండేది. సర్పి సోకి ఒంటికి ఒకే పక్కన గుత్తులుగా నీటిపొక్కులు లేస్తే చాలు, పూడూరు వాళ్లు సైతం నా గుమ్మం దాటి తాండూరు రైలెక్కేవారు. ఆమె కుండలకు పూసే ఎర్రమన్ను, జాజు, అరగదీసి ఆ పొక్కులకు పూసేది.

పక్కటెముకల నొప్పితో వచ్చిన ఒక రైతుకు నేను గుండెజబ్బని మందిచ్చాను. బాలమ్మ అతణ్ణి ఒకటే అడిగిందట, "అంగీ తాకితే మంటలేస్తుందా?" అని. అవునన్నాడు. "రెండు దినాలల్ల పొక్కులొస్తయి. సర్పి పాము లెక్క ఒంటి సుట్టు తిరిగి తల, తోక కలిస్తే చస్తరంటరు గని, అది వెన్నుపూస దాటంగ నేనెన్నడు సూడలే. ఫికర్ చెయ్యకు" అన్నదట. పొక్కులు వచ్చాయి, వెన్ను దాటలేదు. నేను గ్రంథాల్లో చదివి మరచినది ఆమె మనుషుల ఒంటిమీద చదువుకుంది.

ఒకనాడు మా అమ్మకు నుదుట ఒక పక్క భరించలేని మంట, ఆపై పొక్కులు. పురుగు పాకిందని లేపనం రాశాను. బాలమ్మను పిలిపించమని అమ్మ రెండు రోజులు బతిమాలినా వినలేదు. మూడోనాడు అమ్మే కబురంపింది. బాలమ్మ వచ్చి చూసింది. జాజు మూట విప్పనే లేదు.

"ముక్కు కొసకు పొక్కెక్కింది సారూ. గిట్లయితే కంట్లకు పోతది. నాతోని కాదు. ఇయ్యాల్నే పట్నం తీస్కపో."

పట్నంలో కంటి వైద్యుడు, ఇంకొక్క రోజు ఆలస్యమైతే చూపు దక్కేది కాదన్నాడు. ముక్కు మీది పొక్కును గుర్తించి తెచ్చిందెవరని మెచ్చుకోలుగా అడిగాడు.

"నేనే" అన్నాను.

ఊరంతా నన్ను పొగిడింది. అమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. బాలమ్మ అయితే, "డాక్టర్ సాబ్ జల్ది తీస్కపోయిండు, అందుకే దక్కింది" అని పదిమందికీ చెప్పిందట. ఆ మాట విన్నప్పుడు పుట్టినంత అసూయ నాకు జన్మలో పుట్టలేదు.

నిన్న అంత్యక్రియలకు అమ్మను తీసుకెళ్లాను. జనం రోడ్డు దాకా నిలబడి ఏడుస్తున్నారు. నా కోసం ఇంతమంది ఏడవరు. ఆమె స్థానం ఎవరూ భర్తీ చేయలేరని, నేనైతే అసలే చేయలేనని అక్కడే తెలిసింది. బాలమ్మా, ఆ పొక్కును చూసింది నువ్వే. నువ్వు వినలేని నాడు చెబుతున్నాను, క్షమించు.