వంక మీద గోడ

తిరుపతి నుంచి సూళ్లూరుపేటకు పోయే దారిలో ఉన్న ఒక అమ్యూజ్‌మెంట్ పార్కులో నేను చీఫ్ మెయింటెనెన్స్ ఇంజనీరుగా చేరింది రిటైర్మెంటుకు నాలుగేళ్ల ముందు, ఒక జూన్ నెలలో. పార్కును ఆనుకుని నలభై గదుల రిసార్టు కూడా ఉండేది. ఏ రైడునైనా ఆపే అధికారం నాకుంది. పార్కునే మూసే అధికారం మాత్రం జనరల్ మేనేజరుది. ఆయన ఎక్కువగా చెన్నైలోనే ఉండేవారు.

ఆ ఏడు నవంబరులో తుఫాను హెచ్చరిక వచ్చింది. తీరం తాకడానికి మూడు రోజులు టైముంది. అంతకుముందు ఉద్యోగాల్లో అలాంటి పని చాలాసార్లు చేసినవాణ్ణి కాబట్టి హడావిడి పడలేదు. మొదట జెండాలు, ఫ్లెక్సీలు దించాం. గొడుగులు గోడౌనులో పెట్టాం. ప్లాస్టిక్ కుర్చీలను ఈతకొలనులో ముంచేశాం. నీళ్లలో ఉన్న కుర్చీని గాలి ఎత్తుకుపోలేదు. కొలను ఖాళీ చేయకూడదు, చేస్తే కింద ఊరిన నీళ్లు తొట్టిని పైకి నెట్టేస్తాయి. అందుకే ఒక అడుగు మాత్రం దించాం. జెయింట్ వీల్‌లో మనుషులు కూర్చునే పెట్టెలు విప్పడం అన్నిటికన్నా ఓపిక కావలసిన పని. ఒక పెట్టె విప్పితే దానికి సరిగ్గా ఎదురుగా ఉన్నది కూడా విప్పాలి. లేకపోతే బరువు ఒక పక్కకు వాలి చక్రం దానంతట అదే తిరుగుతుంది. ఫిట్టర్ మునిరత్నం, నేను రెండు రోజులు ఆ పని మీదే ఉన్నాం. నా నడుము పట్టేసింది.

అతిథులను ముందురోజే పంపేశాం. తుఫాను దాటేవరకు లోపలే ఉండడానికి పదిమందిమి మిగిలాం. అందులో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజరు కనకమ్మ ఒకరు. ఆమె ఇల్లు పార్కు వెనక కాలనీలోనే.

గాలి అనుకున్నంత నష్టం చేయలేదు. రెండు రేకులు లేచిపోయాయి, ఒక చెట్టు పడింది. పొద్దున్నే అంతా తిరిగి చూసి, గండం గడిచిందనుకుని టీ తాగుతున్నాను. వాన మాత్రం ఆగలేదు. ఇల్లు చూసిరావడానికి వెళ్లిన కనకమ్మ ఎనిమిది గంటలప్పుడు తడిసి ముద్దయి వచ్చింది.

"సార్, మా ఇండ్లల్లోకి మోకాలు దాకా నీళ్లు వచ్చేసినాయి. చెరువు అలుగు పారతా ఉండాది. మీ గోడ అడ్డం ఉండాది గదా, పోయేదానికి దావ లేదు. కొంచెం పగలగొట్టండి సార్."

విషయం నాకు తెలిసిందే. పార్కు కట్టకముందు అక్కడ చెరువు అలుగు నీళ్లు పారే వంక ఒకటి ఉండేది. దాన్ని పూడ్చి పార్కింగు చేశారు. ప్రహరీ గోడ కింద రెండడుగుల పైపు ఒకటి వేసి సరిపెట్టారు. నేను చేరకముందు జరిగిన పని అది. కానీ చేరాక రోజూ ఆ పైపు పక్కనే నడిచాను.

గోడ తీస్తే నీళ్లు నేరుగా పంప్‌హౌస్‌లోకి వస్తాయి. కొలనుల మోటార్లు, ఫిల్టర్లు, ప్యానెళ్లు అన్నీ నేలకు ఎనిమిదడుగుల లోతులో ఉన్నాయి. మేనేజరును అడగాలని కనకమ్మతో చెప్పాను. ఫోన్లకు సిగ్నల్ లేదు. సరే, పైపును శుభ్రం చేద్దామని మునిరత్నాన్ని తీసుకుని వెళ్లాను. గడ్డపారతో ఎంత పొడిచినా అందులో ఇరుక్కున్న ముళ్లకంప, చెత్త కదల్లేదు. గోడ అవతల నీళ్లు పెరుగుతూనే ఉన్నాయి. ఎవరో అరుస్తున్నారు.

మునిరత్నం గడ్డపార కింద పడేశాడు. "సార్, మీరు ఊఁ అనండి, నేను జేసీబీ తెస్తా. ఎవురన్నా అడిగితే నా పేరు చెప్పండి."

"నీ పేరెందుకు? తీసుకురా" అన్నాను.

ముందు పంప్‌హౌస్‌కు కరెంటు తీయించాను. గోడ అవతలివాళ్లను దూరంగా జరగమని కనకమ్మ కేకలు వేసి చెప్పింది. ఒక్కసారిగా కూలిస్తే వరద మా మీదికే వస్తుంది కాబట్టి, జేసీబీతో పైవరస నుంచి కొంచెం కొంచెంగా తీయించాను. తొమ్మిదికి పది నిమిషాల ముందు నీళ్లు పార్కింగులోకి దూకాయి. పిల్లల ఆటస్థలం మునిగింది, తర్వాత పంప్‌హౌస్. పదకొండు గంటలకు కాలనీలో నీళ్లు పాదాల దాకా దిగాయి. అక్కడివాళ్లందరినీ రిసార్టు ఫంక్షన్ హాలులోకి తెచ్చాం.

ఎవరూ చనిపోలేదు. కానీ గోడ తీసేలోపే కనకమ్మ ఇంటి వెనక మట్టిగోడ కూలి, మంచం మీదున్న ఆమె అత్త కాలు విరిగింది. ఆమెను ట్రాక్టరులో సూళ్లూరుపేట ఆస్పత్రికి పంపాం.

పార్కును మళ్లీ తెరవడానికి రెండు నెలలు పట్టింది. మోటార్లన్నీ పైకి తీసి, మంచినీళ్లతో కడిగి, హీటర్ల దగ్గర ఆరబెట్టి, కరెంటు లీకవుతుందో లేదో ఒక్కొక్కటీ పరీక్షించాం. జారుడు గొట్టాల్లో పాములు దూరాయి. జెయింట్ వీల్ పెట్టెలు బిగించాక, మనుషుల బదులు ఇసుక బస్తాలు పెట్టి వారం రోజులు తిప్పాం. ఆ పనుల్లో ఏ ఒక్కటీ కొత్తది కాదు, అయినా అంత అలసట నాకెప్పుడూ కలగలేదు.

వరద ఒత్తిడికి గోడ దానంతట అదే కూలిందని రాయమని మేనేజరు సలహా ఇచ్చారు. అందరికీ సుఖమన్నారు. రిపోర్టులో నేను రెండు సమయాలు రాశాను: కనకమ్మ వచ్చి చెప్పింది ఎనిమిదికి, గోడ నేను తీయించింది తొమ్మిదికి పది నిమిషాల ముందు. అనుమతి లేకుండా ఎందుకు తీయించావని మెమో ఇచ్చారు. జవాబిచ్చాను. ఆ యాభై నిమిషాలు ఏం చేశావని మాత్రం ఎవరూ అడగలేదు.

వరద వచ్చిన మూడు వారాలకు కనకమ్మ డ్యూటీకి వచ్చింది. అత్త ఎలా ఉందని అడిగాను. "లేసి నిలబడతా ఉండాది సార్" అని, దుప్పట్లు లెక్క చూసుకోవడానికి వెళ్లిపోయింది.

గోడను మళ్లీ కట్టినప్పుడు వంక వెడల్పున తూములు వదిలించాను. ఉద్యోగంలో నేను చేసిన చివరి పెద్ద పని అదే. తుఫానుకు సిద్ధపడడమంటే మన సామాను మనం కట్టుకోవడమేనని ముప్పై ఏళ్లు అనుకున్నాను. మన దగ్గరికి రాకుండా ఆపిన నీళ్లు ఎవరింట్లోకి పోతాయో వాన రాకముందే చూసి రావాలి. వచ్చాక మనం ఆలోచించడానికి పట్టే సమయం ఆ ఇంట్లోవాళ్లది, మనది కాదు.