పేనుబంకకు అక్షింతలు

ఈ సాయంత్రం తాడేపల్లిగూడెం దగ్గర మా బాబాయి మొక్కజొన్న చేలో నేను బందీనయ్యాను. ఆకులన్నీ పేనుబంక పురుగు పట్టి జిగురు కారుతున్నాయి. ఆయన మందు కలిపి స్ప్రేయర్ భుజాన వేసుకున్నారు. అగ్రికల్చర్ బీఎస్సీ చదివిన గర్వంతో నేను అడ్డుపడ్డాను.

"ఆగండి బాబాయ్! ఇవిగో, ఈ ఎర్రటి చుక్కలవి, అక్షింతల పురుగులు. పేనుబంకను ఇవే తినేస్తాయండి. మందు కొడితే ముందు ఇవే చస్తాయి."

"సరేరా, వారం ఆగుతాను. పంట పోయిందంటే మాత్రం ఆ అక్షింతలు నీ నెత్తినే. అప్పటిదాకా తిరిగి ఏలూరు బస్సెక్కేది లేదు. రోజూ పొద్దున్నే వచ్చి నీ పురుగుల్ని నువ్వే చూసుకో!"

చుక్కల పురుగొకటి నా చొక్కా మీద వాలింది. దండం పెట్టి ఆకు మీద వదిలాను.

"కడుపునిండా తినమ్మా! నా బస్సు నీ ఆకలి మీదే ఆధారపడి ఉంది."

డిగ్రీ పరువును ఇలా పురుగుల నోట్లో పెట్టినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?