‘భాయ్’ అన్నందుకు

నేను తాండూరులో బట్టలు కుడతాను. పోయినేడు బస్టాండ్ దగ్గర బండి మీద వచ్చిన ఒకడు నా చేతిలోని ఫోన్ లాక్కుపోయాడు. "ఓ భాయ్, ఆగు భాయ్!" అని అరుస్తూ వెంటపడ్డాను. ఆటో డ్రైవరైనా, కూరగాయలాయనైనా నాకు అందరూ భాయ్‌లే. పోలీస్ స్టేషన్‌లో నా ఫిర్యాదు రాసినాయన మాత్రం భాయ్ అంటే ముస్లిం అనుకుని, దొంగ ముస్లిం అని రాసేశాడు. నేను చదవకుండానే సంతకం పెట్టి వచ్చాను.

నెలలు గడిచాక వికారాబాద్ కోర్టుకు సాక్ష్యానికి పిలిచారు. బోనులో నేనెన్నడూ చూడని ముస్లిం పెయింటర్ ఒకాయన. తలుపు దగ్గర ఏడుస్తూ ఆయన తల్లి.

"గీయన కాదు సార్" అన్నాను.

"భాయ్ అని ఒర్లినవంట గదమ్మా? సంతకం నీదే గద?" అని ప్రభుత్వ వకీలు గద్దించాడు.

"మిమ్మల్ని గూడ భాయ్ అనే అంట సార్. సంతకం నాదే. గా ముస్లిం అన్న మాట నాది గాదు."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. జడ్జిగారు ఆ మాటే రాయించారు. తర్వాత ఆ పెయింటర్ నిర్దోషిగా బయటపడ్డాడు.

ఏ తప్పూ చేయని మనిషి కేసులో ఇరుక్కున్నన్నాళ్ళూ అసలు దొంగ బజార్లోనే తిరిగాడు, ఇంకా తిరుగుతున్నాడు. ఇప్పుడు మా వీధిలో ఎవరు స్టేషన్‌కు వెళ్ళినా వెంట నేనూ వెళ్తాను. రాసింది చదివి వినిపించేదాకా ఎవరినీ సంతకానికి పెన్ను పట్టనివ్వను.