బెలూన్ కుక్క

నిన్న యూ టీ అనే మా పేటలో, మా ఫ్లాట్ కింద ఎవరిదో పుట్టినరోజు. బెలూన్ల రబ్బరు వాసన లిఫ్టు దాకా వచ్చింది. వెంటనే పాసిర్ రిస్ బీచ్ గుర్తొచ్చింది.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. స్కూలు సెలవుల్లో ఆ బీచ్‌లో టెంట్లు వేసుకున్న కుటుంబాల కోసం మా చర్చివాళ్లు వెళ్లేవారు. పెద్దలకు టీ పోసేవారు, పిల్లలతో ఆటలు ఆడించేవారు. నాన్న పొడుగు బెలూన్లు మెలిపెట్టి కుక్కలు చేస్తుంటే నేను పంచేదాన్ని. మా సండే స్కూల్లో బైబిల్ వాక్యం అప్పజెప్పినవాళ్లకే స్టిక్కర్ ఇస్తారు. ఇక్కడా అంతే అనుకున్నాను.

ఒక టెంటులో హైదరాబాద్ వాళ్లున్నారు. వాళ్లమ్మాయి సనా, నా ఈడుదే, వచ్చి చెయ్యి చాపింది.

"ముందు మా ప్రేయర్ చెప్పాలి. తర్వాతే బెలూన్," అన్నాను.

సనా కాసేపు ఆ కుక్కనే చూసింది. "ఓకే లా, నాకొద్దు," అని ఇక్కడి పిల్లల యాసలో అనేసి వెళ్లిపోయింది. రూలు తప్పనందుకు నాకు గర్వంగా అనిపించింది.

మధ్యాహ్నం సనా వాళ్లమ్మ పళ్లెం నిండా బిర్యానీ తెచ్చి నా చేతికిచ్చింది. "పొద్దుగాల నుంచి నిలబడే ఉన్నవ్ బేటా, తిను."

ఆమె వెళ్లాక నాన్న నా భుజం తట్టారు. "చూశావా, మనం ఊరికే ఇచ్చాం. వాళ్లూ ఊరికే ఇచ్చారు."

బెలూన్లకు ఏ రూలూ లేదని నాకప్పుడు అర్థమైంది. అయినా సనాకు బెలూన్ ఇవ్వని సంగతి నాన్నకు చెప్పలేదు. బిర్యానీ మాత్రం మొత్తం తినేశాను.

నాన్న ఆ పళ్లెం సంగతి ఇప్పటికీ చర్చిలో అందరి ముందూ దేవుడి మేలుకు సాక్ష్యంగా చెబుతుంటారు. నేను వెనక బెంచీలో తల వంచుకుని కూర్చుంటాను. ప్రార్థన చేసుకుంటున్నాననుకుంటారు అందరూ.